తమ్హీద్ అంటే పక్క పరచడం

పుస్తకం మొదట్లో రాసే నాలుగు మాటలను పీఠిక అంటారు. పీఠిక అంటే చిన్న పీట. అసలు విషయం వచ్చి కూర్చోవడానికి వేసేది. ఇది నాకు బడి చెప్పలేదు. చిన్నప్పుడే చదువు మాని తాండూరు బండల దుకాణంలో పనికి కుదిరాను. సాయంత్రాలు గ్రంథాలయంలో నిఘంటువు తిరగేసి సంపాదించుకున్న జ్ఞానం.

అక్కడే బషీరాబాద్ పటేలుగారి అబ్బాయి పరిచయమయ్యాడు. అతని చదువంతా ఉర్దూలో సాగింది. నిజాం పాలన పోయాక తెలుగు అవసరమైంది. అక్షరాల దగ్గర్నుంచి నేనే నేర్పాను. బదులుగా అతను నాకు ఉర్దూ మాటలు విప్పి చెప్పేవాడు.

వికారాబాద్‌లో కొత్త గ్రంథాలయం పెడుతున్నారనీ, చూసుకోవడానికి ఒక మనిషి కావాలనీ తెలిసింది. పగలంతా పుస్తకాల మధ్య ఉండే కొలువు! ముందుగా అతనికే చెప్పాను.

"నువ్వే పో అన్నా. నాకెందుకు? మాకు పొలం, ఎవుసం లేదా?" అన్నాడు.

వెళ్లి అక్కడి పెద్దలను కలిశాను. "చెప్పి పంపుతం" అన్నారు. తిరుగు బండి కోసం అక్కడి స్టేషనుకు వస్తే బల్ల మీద అతను కూర్చుని ఉన్నాడు. ఆ సంతోషంలో, ఎందుకొచ్చావని అడగడమే మరిచాను.

"అన్నా, పీఠికను ఉర్దూల తమ్హీద్ అంటరు, ఎరుకేనా?"

"అంటే?"

"పరుచుడు. ఎగుడుదిగుడు లేకుంట సాపు జేసుడు. ఊయలకున్న మాట గూడ గా వేరు నుంచే పుట్టింది. పిల్లగాన్ని పండవెట్టే ముందు బొంత సదురుతరు సూడు, గట్ల."

మురిసిపోయాను. తెలుగు కూర్చోబెడుతుంది, ఉర్దూ పడుకోబెడుతుంది అన్నాను. నవ్వి, చాయ్ తెప్పించాడు. బండి వచ్చేదాకా అదే ముచ్చట.

నేను ఎక్కాను. అతను ఎక్కలేదు.

"రావా?"

"ఈడనే ఉంట అన్నా. రేపటి సంది లైబ్రరీల పని. రెండు భాషలొచ్చినోడు కావాలన్నరు. నాయిన మాట్లాడిండు. నువ్వు ఫికర్ చెయ్యకు, ఎప్పుడొచ్చినా మంచి పుస్తకాలు తీసి పెడుత."

"ఇంతసేపు పక్క పరిస్తివి గదరా, ఇగ పండుకో" అన్నాను. బండి కదిలింది. అతనికి వినబడిందో లేదో.

మర్నాడు తాండూరులో ఉర్దూ బడి మౌల్వీసాబు దగ్గరికి వెళ్లి తమ్హీద్‌కు అతను చెప్పిన అర్థం వినిపించి, నిజమేనా అని అడిగాను. అది కూడా అబద్ధమే అయి ఉంటుందనుకున్నాను. అబద్ధమైతేనే బాగుండుననిపించింది.

"సరిగ్గనే చెప్పిండు బాబూ. ఎవరు నేర్పిండ్రు నీకు?" అన్నాడాయన.