పాట వెనక కుట్టుమిషను

తన డ్రమ్స్ సరిగ్గా వినిపించలేదని అలిగి డ్రమ్ము దర్జీ ఆల్బమ్ ఆపించాడని వీధంతా గుసగుసలు. కుర్రతనంలో అతను వాయించిన పంక్ బ్యాండు పాటల్లో, చిన్న క్యాసెట్లలో వచ్చి మరుగునపడ్డవాటినీ, అసలు బయటికే రానివాటినీ ఏరి, పాడిన బావమరిది ఒక ఆల్బమ్‌గా తెస్తున్నాడు. అవన్నీ ఈ దర్జీకొట్టు వెనక గదిలో రికార్డు చేసినవే.

శుభ్రం చేయించిన పాటను బావమరిది కొట్టుకే తెచ్చి వినిపించాడు. దర్జీ కత్తెర పక్కన పెట్టాడు.

“వెనకాల టకటక ఏదిరా?”

“ఆ రొద తీయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది బావా! ఇప్పుడు నీ డ్రమ్స్ విను, ఎలా మోగుతున్నాయో.”

“నా డ్రమ్స్ తగలెయ్. అది మీ అక్క మిషనురా.”

బావమరిదికి “మీ గోల మీది, నా కుట్టు నాది” అంటూ ముందుగదిలో మిషను తొక్కుతూ కూర్చునే అక్క గుర్తొచ్చింది. ఆ టకటక మళ్లీ తెద్దామంటే పాత టేపులు అరిగి తెగిపోయాయి. శుభ్రం చేయకుండా మిగిలింది ఒక్క పాటే.

“దాన్ని ముట్టుకోకురా” అన్నాడు దర్జీ.

ఆల్బమ్ ఆగింది ఆ ఒక్క పాటలో మిగిలిన టకటక కోసం. చనిపోయిన ఆమె గొంతు ఏ టేపులోనూ లేదు.