ఆయుధపూజ నాడు ఇచ్చిన నంబరు

కంప్యూటరుకు నంబరు ఇవ్వాలంటే నేను ఇప్పటికీ జాబితా పదిసార్లు చూసుకుంటాను. నవ్వితే నవ్వండి.

తొంభైల చివర్లో రామన్నపేట దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. నల్లగొండలో కంప్యూటర్ డిప్లొమా చేసి కొత్తగా చేరిన ఏడాది అది. ఫ్యాక్టరీలో ఆరేడు కంప్యూటర్లను ఒకదానికొకటి వైరుతో కలిపారు. ఇళ్ళకు డోర్ నంబర్లున్నట్టు ప్రతి దానికీ ఒక నంబరు. ఒకదాని నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. మౌసుతో నొక్కే పని కాదది. నల్లటి తెర మీద ‘ఇఫ్‌కాన్ఫిగ్’ అని కొట్టి, పక్కన నంబరు కొట్టి, ఎంటర్ నొక్కాలి. తప్పు నంబరు కొట్టినా అది కిక్కురుమనదు.

ఆయుధపూజ నాడు మిషన్లన్నీ ఆపేశారు. కంప్యూటర్లను కూడా బంద్ చేసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. సరిగ్గా ఆ రోజే ల్యాబుకు కొత్త కంప్యూటరు దిగింది. “మంచి రోజు, ఇయ్యాల్నే షురూ చెయ్యమ్మా” అన్నాడు సూపర్‌వైజర్ సారు. నంబర్ల జాబితా మా సీనియర్ బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది, ఆయనేమో పండక్కి వాళ్ళ ఊరు హాలియా పోయాడు. నాకు తోచిన నంబరొకటి అనుకుని, అది ఇంకెవరికైనా ఉందేమో చూద్దామని ‘పింగ్’ కొట్టాను. పింగ్ అంటే తలుపు తట్టడమే. లోపల ఎవరైనా ఉంటే పలుకుతారు. పలకలేదు. మళ్ళీ కొట్టాను. ఉహూఁ. ఖాళీయే అనుకుని ఆ నంబరు కొత్తదానికి ఇచ్చేశాను. రోజూ స్విచ్ వెయ్యగానే అదే తీసుకునేలా ఫైల్లో కూడా రాసిపెట్టాను. అన్నీ బంద్ చేసి పెడితే ఎవరు పలుకుతారే మొద్దూ అని అడిగేవాళ్ళు లేకపోయారు!

పండగ వెళ్ళిన మర్నాడు రియాక్టరు ఎక్కించారు. రియాక్టరంటే పెద్ద ఉక్కు గంగాళం. మూత బిగించి లోపల రసాయనాలు ఉడికిస్తారు. వేడి డెబ్బై డిగ్రీలు దాటితే చల్లనీళ్ళు వదలాలి, ఆలస్యమైతే మూత ఎగిరిపోతుంది. దాని పక్కనే నిలబడి పనిచేసేది చాచా. చిన్నా పెద్దా అందరం ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్ళం. నా టిఫిన్ డబ్బాలో పచ్చడి ఉంటే వదిలేవాడు కాదు. రియాక్టరున్న షెడ్డులోని కంప్యూటరు వేడిని కొలిస్తే, సారు గదిలో తెర మీద అంకె కనపడేది. అంకె చూసి సారు కేకేస్తే చాచా నీళ్ళు వదిలేవాడు.

పదింటికి ల్యాబులో కొత్త కంప్యూటరు స్విచ్ వేశాను. కాసేపాగి కాగితాలివ్వడానికి సారు గదికి వెళ్తే తెర మీద అరవై రెండు. పావుగంట తర్వాత మళ్ళీ వెళ్ళినా అరవై రెండే.

“ఇయ్యాల మస్తు నిమ్మళంగ ఉన్నది” అన్నాడు సారు చాయ్ తాగుతూ.

ఉడికేదాని వేడి ఒక్కచోట నిలుస్తుందా? నేను తీసుకున్నది ఆ షెడ్డు నంబరు! సారు కంప్యూటరు షెడ్డును అడగబోయి నా ల్యాబును అడుగుతోంది. జవాబు రాక పాత అంకె దగ్గరే ఆగిపోయింది. లోపల నిజంగా ఎంతుందో దేవుడికే తెలియాలి.

బయటికి ఉరికాను. ఎడమవైపు షెడ్డు, కుడివైపు ల్యాబు. చాచా గుర్తొచ్చాడు, నిజమే. కానీ ఆయనకంటే ముందు బాపు గుర్తొచ్చాడు. ఆడపిల్లకు నౌకరీ ఏంటన్న చుట్టాలందరితో కొట్లాడి కూతుర్ని పంపిన బాపు. ఈ తప్పు బయటపడి నౌకరీ పోతే ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? కుడివైపు ఉరికాను. కూర్చోకుండానే ఆ నంబరు తీసేసే ముక్క కొట్టాను. తొందరలో రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి పోయింది. ఫైల్లో రాసింది కూడా తుడిచేశాను, ఆనవాలు లేకుండా. అవును, అది కూడా చేశాను! ఆ తర్వాతే షెడ్డు వైపు పరుగెత్తాను.

షెడ్డు గురగురమంటోంది. చాచా నీళ్ళ వాల్వును రెండు చేతులా పట్టి తిప్పుతున్నాడు. “దగ్గరికి రాకు, బయటనే ఉండు!” అని అరిచాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. యా అల్లా అని ఆయన, దేవుడా అని నేను. చాలాసేపటికి ఆ చప్పుడు తగ్గింది.

సారు రొప్పుతూ వచ్చాడు. “ఏమాయె చాచా? అరవై రెండే ఉండె, ఒక్కపారే ఎనభై ఎనిమిది చూపెట్టింది!”

“తెర సంగతి నాకేమెరుక సారూ. ఉడుకుడు చప్పుడు మారింది, నీళ్ళిడిసిన.”

సారు కంప్యూటరును తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

చాచా తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సారు అర్రలకెల్లి నువ్వు ఉరుకుతుంటే కిటికీలకెల్లి చూసిన బిడ్డా” అన్నాడు. “నాకు చెప్పనీకే వస్తున్నవనుకున్న. గటు మల్లినవు.”

తువ్వాల భుజాన వేసుకున్నాడు.

“మల్లెప్పుడన్న గిట్లయితే,” అన్నాడు, “ముందుగాల నా దిక్కు రా.”