నర్సమ్మ సైకిలు పడిన చోటు

1957లో జగ్గయ్యపేట బజారులో నాకొక సైకిల్ షాపు ఉండేది. బోర్డు మీద మా ఇంటిపేరు రాయించలేదు. అయినా ఊరంతా దాన్ని దొరగారి షాపు అనే అనేది. ఎస్టేట్లు రద్దయ్యాక మా కుటుంబానికి మిగిలినవి ఆ పిలుపూ, కొండల్లో ఒక కూలిన కోటా. తెలిసినవాళ్ళు ఉద్యోగాలు ఇప్పిస్తామన్నారు. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడటం నాకు చేతకాదు. చేతికి గ్రీజు అంటించుకోవడం చేతనైంది. దాన్ని బాగా నేర్చుకున్నాను. నందిగామ నుంచి కూడా ఓవర్‌హాలింగ్‌కి, అంటే సైకిలు మొత్తం విప్పి కడిగి మళ్ళీ బిగించే పనికి, బండ్లు నా దగ్గరికే వచ్చేవి.

పెద్ద రోడ్డు మీద తిరిగే సైకిళ్ళకు ఒక రకం జబ్బులు, కొండదారిన తిరిగే వాటికి ఇంకో రకం. బందరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద లారీలకు భయపడి పక్కకు దిగి, చక్రాలు వంకర చేసుకునేవాళ్ళు. వేదాద్రి వైపు గుట్టల్లోకి మళ్ళితే లారీ లేదు, బస్సు లేదు. ఎర్ర గ్రావెల్ బాట, దాని మీద దొర్లే గులకరాళ్ళు, అటూ ఇటూ సీతాఫలం పొదలు, నాపరాళ్ళు నిలబెట్టిన చేల గట్లు. ఊళ్ళన్నీ పాతవి. ఎప్పటి రాజులు కట్టించారో ఎవరూ సరిగా చెప్పలేని బురుజులు, చేతిలో కత్తితో నిలబడ్డ వీరుల బొమ్మలు చెక్కిన వీరగల్లులు, వాటి మీద ఆరేసిన చీరలు. చక్రం కింద రాయి నలిగే చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అంత సుఖమైన సవారీ నేను మరెక్కడా చేయలేదు. కానీ ఆ బాట సైకిలుకు పరీక్ష పెడుతుంది.

ఆ దారిన వారానికోసారి వెళ్ళవలసిన మనిషి సువార్తమ్మ గారు. ప్రసూతి కేంద్రంలో కొత్తగా చేరిన మంత్రసాని నర్సు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు. పుట్టింది ఆ గుట్టల పక్క ఊళ్ళోనే, చదివింది నందిగామ మిషను బళ్ళో. కేంద్రం వాళ్ళు ఆవిడకు లేడీస్ సైకిలు ఇచ్చారు. చీర చక్రంలో పడకుండా దాని వెనక చక్రానికి వల ఉంటుంది. కోట అవతల ఉన్న కొండ ఊళ్ళలో గర్భిణీలను చూసి సాయంత్రానికి తిరిగి రావడం ఆవిడ పని. అంతకుముందు ఆ ఊళ్ళకు ఏ నర్సూ వెళ్ళలేదు.

మొదటిసారి సైకిలు నా దగ్గరికి వచ్చినప్పుడు హ్యాండిలు పక్కకు తిరిగి ఉంది. సరిచేసి ఇచ్చాను. రెండోసారి పెడలు వంగింది. మూడోసారి ఫోర్కు వంగింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళనే ఫోర్కు అంటాం. అది వంగిందంటే మనిషి గట్టిగా పడ్డట్టే. ఆవిడ మోచేతికి కట్టు ఉంది.

పక్కన టీ హోటలు పెట్టుకున్న పుల్లయ్య ఊరుకునే రకం కాదు. "ఏందండీ దొరగారూ! నర్సమ్మ సైకిలు మళ్ళీ ఆసుపత్రిలో చేరిందా? ఈసారి కాన్పా, కాలు విరిగిందా?"

"నీ టీలో నీళ్ళు ఎక్కువయ్యాయి పుల్లయ్యా. ముందు దాని సంగతి చూడు" అన్నాను.

సువార్తమ్మ గారు నవ్వలేదు. బల్ల మీద కూర్చుని తన సంచి సర్దుకుంటున్నారు. అందులో పగిలిన సీసా పెంకులు ఉన్నాయి.

"కేంద్రం డాక్టరు గారు ఏమన్నారు?" అని అడిగాను.

"ఇంకోసారి పడితే ఆ రూటు తీసేస్తానన్నారండి. నన్ను పేటలోనే కూర్చోమన్నారు. లేకపోతే ఇంకో చోటికి మారుస్తారంట." పెంకులు ఏరి పక్కన పెడుతూ అన్నారు, "పేటలో కూర్చోడానికి నేనెందుకండీ? ఇక్కడ ఆ డాక్టరు గారే ఉన్నారు. మొన్న నేను పడి లేచి వెళ్ళేసరికి అక్కడ కాన్పు అయిపోయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు."

పుల్లయ్య లోపలికెళ్ళి ఆవిడకు ఒక టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పనివాడిగా నేను చేయవలసిందంతా చేశాను. చక్రాల్లో గాలి కొంత తగ్గించాను. టైరు రాయిలా ఉంటేనే మంచి గాలి అని ఇక్కడివాళ్ళ నమ్మకం. తారురోడ్డుకు అది సరే. గ్రావెల్ మీద గట్టి టైరు రాయి రాయికీ ఎగురుతుంది, కాస్త మెత్తటి టైరు రాయిని కరుచుకుని పోతుంది. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేశాను. సీటు కిందికి దించాను. షాపు ముందు ఆవిడ చేత తొక్కించి చూశాను. ఆవిడ తొక్కడంలో ఏ లోపమూ లేదు. చాలామంది మగవాళ్ళకంటే నిటారుగా, నిదానంగా తొక్కుతున్నారు.

"పడేది ఎక్కడండీ?" అని అడిగాను.

"ఎప్పుడూ ఒక్కచోటేనండి. కోట దగ్గర దిగుడులో."

ఆ కోట మాది. ఎస్టేటు పోయాక నేను అటు వెళ్ళలేదు. కూలిన ఇంటిని చూసి కళ్ళు తుడుచుకునే అలవాటు మా వంశంలో లేదు. కానీ నా చేతి మీదుగా వెళ్ళిన బండి ఒకేచోట పదేపదే పడుతోందంటే అది నా వృత్తికి మచ్చ. ఆ వారం రూటు రోజున షాపు మూసి, నా సైకిలు మీద ఆవిడ వెనకే బయల్దేరాను.

పొద్దున్నే గుట్టల్లో ప్రవేశించాం. ఆవిడ రాళ్ళను చూసుకుంటూ, ఎత్తుల్లో లేచి తొక్కుతూ చక్కగా పోతున్నారు. మెత్తటి గాలి పని చేస్తోంది. చివరి మలుపు తిరిగితే బాట జారుడుగా దిగి, సరిగ్గా కోట వాకిలి ముందుగా పోయి, వెంటనే అవతలి ఎత్తు ఎక్కుతుంది. పైనుంచి బ్రేకు పట్టకుండా వదిలేస్తే ఆ ఊపుతోనే ఎదుటి ఎత్తు సగం ఎక్కవచ్చు. సైకిలు కోసమే వేసిన బాటలా ఉంటుంది.

వాకిలి దగ్గరపడగానే ఆవిడ గట్టిగా బ్రేకు పట్టారు. దిగుడులో, వదులు గ్రావెల్ మీద, ముందు బ్రేకు. చక్రం తిరగడం ఆగిపోయి రాళ్ళ మీద పక్కకు జారింది. నేను వెనకే ఉన్నాను కాబట్టి నా సైకిలు మీదనుంచి దూకి, ఆవిడ క్యారియర్ పట్టుకుని ఆపగలిగాను.

"అక్కడ బ్రేకు ఎందుకు పట్టారండీ?"

"దిగాలి కదండీ."

"ఎందుకు దిగాలి?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "మీ వాకిలి కదండీ" అన్నారు.

అప్పుడు అర్థమైంది. మా కోట ముందు ఎవరూ ఏదీ ఎక్కి వెళ్ళకూడదు. గుర్రమైనా బండైనా దిగి నడిచి, వాకిలి దాటాక మళ్ళీ ఎక్కాలి. మా ముత్తాతల నాటి కట్టుబాటు అది. ఎస్టేటు పోయింది, కోట కప్పు పోయింది, కట్టుబాటు మాత్రం నిలిచి ఉంది. మగవాళ్ళకు ఇబ్బంది లేదు. పంచె ఎగగట్టి, పోయే సైకిలు మీదనుంచే కాలు తిప్పి దూకి, దాంతోపాటు పరుగెత్తుతారు. చీర కట్టుకుని, సంచి తగిలించుకున్న మనిషికి అది కుదరదు. ముందు బండి ఆగాలి. ఆ దిగుడులో ఏ బండీ ఆగదు.

వాకిలి అరుగు మీదనుంచి అంకయ్య లేచి వచ్చాడు. తరతరాలుగా ఆ వాకిలి కాసిన కుటుంబం వాళ్ళది. కాయడానికి లోపల ఏమీ లేకపోయినా వచ్చి కూర్చుంటాడు. నన్ను చూసి భుజం మీది తుండు తీశాడు.

"బాబుగారూ! ఎన్నేళ్ళకి వచ్చారండీ!"

"అంకయ్యా, ఈవిణ్ణి ఇక్కడ దిగమన్నది నువ్వేనా?"

"నేనేనండీ. మొదటిసారి దిగకుండా ఎల్లబోతంటే కేకేశాను. పాపం తెలవదు గదా. ఆ తర్వాత్నించీ ఆమే దిగుతోంది. మంచి మనిషండీ."

"ఇకనుంచి దిగరు."

అంకయ్య ముఖం వాడిపోయింది. "తమరు ఎక్కి ఎల్లొచ్చు బాబూ, తమ వాకిలి. అందరూ ఎక్కి ఎల్తే ఎట్లాగండీ? ఈ దిగటం తప్ప ఈ వాకిలికి ఇంకేం మిగిలిందండీ?"

అతని మాటకు నాకు కోపం రాలేదు. ఆ బాధ నాకు తెలుసు. సువార్తమ్మ గారే మధ్యలో కలగజేసుకున్నారు.

"వద్దులెండి. మా అమ్మ ఇక్కడ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. నేను సైకిలన్నా దిగకపోతే అవతలి ఊళ్ళలో నన్ను గడప ఎక్కనిస్తారా? మొగరాయుడంటారు. మలుపు దగ్గరే దిగి నడిపించుకుంటానండి."

"అక్కడ దిగితే అవతలి ఎత్తు కూడా నడవాలి. మొన్నటిలాగే ఆలస్యమవుతుంది. అవునా కాదా?"

ఆవిడ అవతలి ఎత్తు వైపు చూశారు.

నేను ముందుగా తొక్కి చూపిస్తే లాభం లేదు. అంకయ్య చెప్పినట్టు అది నా వాకిలి, నేను ఎక్కి వెళ్ళడంలో వింతేమీ లేదు. ఒక్కటే దారి కనబడింది.

"మీరు మళ్ళీ పైకి వెళ్ళండి. మలుపు నుంచి బ్రేకు ముట్టుకోకుండా రండి. నేను ఇక్కడ ఉంటాను" అని ఆవిడతో చెప్పాను. తర్వాత అంకయ్య వైపు తిరిగాను. "పల్లకీ ముందు మీ తాత ఒక కేక వేసేవాడట. నీకు వచ్చా?"

"రాకేమండీ. చిన్నప్పుడు ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

"అయితే ఇవాళ్టినుంచి నీ పని దిగమనడం కాదు. ఆవిడ బెల్లు వినబడగానే బాట మీద మేకల్ని తోలాలి, మనుషుల్ని పక్కకు జరపాలి. ఆ కేక వేసి మరీ జరపాలి. దిగడం ఆవిడ వంతు కాదు, మన వంతు."

ఈలోగా కోట పక్క ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. దొరగారు వచ్చారని అప్పటికే పాకిపోయింది. అందరూ చూస్తుండగా నేను సైకిలు పట్టుకుని బాట పక్కకు వెళ్ళి, మా వాకిలికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎవరో చిన్నగా నవ్వారు. అంకయ్య వాళ్ళవైపు గుడ్లురిమాడు.

మలుపు దగ్గర బెల్లు మోగింది.

"తప్పుకోండహో! నర్సమ్మగారు వస్తన్నారు! దారి! దారి!" అని అంకయ్య అరిచాడు. ఆ వయసులో అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మేకలు చెదిరాయి. మనుషులు గోడకు అంటుకున్నారు.

ఆవిడ బ్రేకు ముట్టుకోలేదు. నా ముందునుంచి రాళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయారు. ఎదుటి ఎత్తు సగం అదే ఊపులో ఎక్కి, మిగతా సగం తొక్కి, గట్టు మీద ఒక్కసారి వెనక్కి చూసి, అవతలికి దిగిపోయారు.

ఆ రూటు తీసేయలేదు. ప్రొబేషన్ పూర్తయ్యాక సువార్తమ్మ గారు ఆ కొండ ఊళ్ళలోనే చాలాకాలం పని చేశారు. సైకిలు ఓవర్‌హాలింగ్‌కి తప్ప నా షాపుకు రాలేదు. పుల్లయ్యకు ఒక వేళాకోళం తగ్గింది. అంకయ్య ఉన్నన్నాళ్ళూ ఆ కేక మానలేదట. బెల్లు మోగితే చాలు, ముందు తనే అరుగు దిగి నిలబడేవాడని ఆవిడ చెప్పారు.

ఆ తర్వాత నా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పడిన బండి వస్తే ముందు బండిని ముట్టుకోను. ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఎవరి కోసం దిగుతారు అని మనిషిని అడుగుతాను. చాలాసార్లు జబ్బు ఆ మూడో జవాబులోనే దొరికింది.

ఇక మా వంశం సంగతి. ఎస్టేటు పోయాక ఆ కోట వాకిలి ముందు మేము ఇచ్చిన ఆజ్ఞ, నర్సమ్మకు దారి ఇవ్వమన్నదొక్కటే. దానికి ముందు ఎన్ని ఇచ్చామో, వాటిలో ఎన్ని నిలిచాయో నాకు తెలియదు. ఇది నిలిచింది.