మూగబోతుందేమోనని

టాటానగర్ వెయిటింగ్ రూములో నా జోకులకి పక్కావిడ కూతురు పడీపడీ నవ్వింది. "ఈ జోకులకే మా పంతులు నన్ను ఆరో క్లాసులో తరిమేశాడు. మీ పిల్ల భలే హుషారమ్మా!" అన్నాను.

"హుషారేటి బాబూ! రాంచీ పిచ్చాసుపత్రికి తీసుకెళ్తన్నాను. దీని అన్న నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఆడికి మాట మానడంతో మొదలైంది. తానం, డ్యూటీ అన్నీ మానేసినాడు. ఇదీ అలా మూగబోతాదేమోనని కాపు కాసినాను. ఇది మాటాడతానే ఉంది. కొళాయి కాడ అందరూ తన గురించే గుసగుసలాడతన్నారని ఏడిత్తే, ఆడపిల్లల తగువనుకున్నాను."

పిల్ల నవ్వు ఆగిపోయింది. "బాబాయ్, ఆ కొళాయోళ్ళే కదా నిన్ను పంపినారు?"

నోరు మూసుకోవడం ఎరగని నాకు ఒక్క మాటా దొరకలేదు. నా మౌనాన్ని ఆ పిల్ల అవుననే అనుకుని బండెక్కి ఉంటుంది.