ట్రైలర్‌కి దిష్టి తీయబోతే...

మేముండేది సింగపూర్‌లో, టాంపినీస్‌లో. మావారికి క్యాంపింగ్ పిచ్చి. మలేసియా అడవుల్లో తిరగడానికి పరుపులు, కిటికీలు ఉన్న చిన్న ట్రైలర్ కూడా కొన్నారు. వానలు మొదలవగానే దాన్ని క్రాంజీలో ఓ చైనీస్ అంకుల్ తోటలో, రేకుల షెడ్డు కింద పెడతాం.

కిందటేడు కూడా అలాగే తీసుకెళ్లాం. "లోపల ఒక్క చుక్క తడున్నా బూజు పట్టేస్తుందే!" అంటూ మావారు పొద్దున్నుంచీ పరుపులు ఎండబెట్టి, మూలమూలలా తుడిచి, గాలాడాలని తలుపు బార్లా తీసిపెట్టారు.

ఇంత చేసి దిష్టి తియ్యకుండా ఎలా వదిలేస్తాను? సంచిలోంచి బూడిద గుమ్మడికాయ తీసి, దానిమీద కర్పూరం వెలిగించి, తలుపు ముందు తిప్పడం మొదలుపెట్టాను.

"ఫైర్! ఫైర్!" అని కేక. ఏమిటా అని చూసేలోగా, మొక్కలకు నీళ్లు పెట్టే పైపుతో అంకుల్ పరుగెత్తుకొచ్చాడు. నేనూ, గుమ్మడికాయా, లోపలి పరుపులూ తడిసి ముద్దయ్యాం.

ఇది చెడు చూపు తగలకుండా చేసే పూజ అని వణుకుతూ ఇంగ్లీషులో చెప్పాను. అంకుల్ పైపు కట్టేసి, పక్కనే ఆపి ఉన్న తన కొత్త లారీ వైపు చూశాడు.

"మై న్యూ లారీ ఆల్సో కెన్, ఆ?" అన్నాడు.

పరుపులు మళ్లీ ఎండకెక్కాయి. మరుసటి ఆదివారం ఇంకో గుమ్మడికాయ కొనుక్కెళ్లి ఆయన లారీకి దిష్టి తీశాను. కర్పూరం ఆరేదాకా అంకుల్ చేతిలోంచి పైపు వదల్లేదు.

"మన ట్రైలర్‌కి వానతో భయం లేదు, నీ భక్తితోనే భయం!" అని మావారు ఇప్పటికీ దెప్పుతుంటారు.