బెల్లం పొయ్యికి గీసిన గాలి పువ్వు

గాలి దిక్కుల పటం గీయడం నాకు బాగా వచ్చు. అరవైల చివర్లో శ్రీకాకుళం దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో వాతావరణం లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాణ్ణి. కంచె కట్టిన చిన్న ఆవరణ, అందులో వానకొలత డబ్బా, స్తంభం మీద గాలి దిక్కు చూపే బాణం. గాలి ఎటు నుంచి వస్తే బాణం మొన అటు తిరుగుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాసుకోవాలి. ఏడాదిలో రాసినవాటిని ఎనిమిది దిక్కులకూ పంచి, ఏ దిక్కు నుంచి ఎక్కువసార్లు గాలి వస్తే అటు అంత పొడుగు రేక గీస్తే పువ్వులాంటి బొమ్మ వస్తుంది. గాలి కదలని పూటలన్నీ మధ్యలో ఒక వృత్తం. ఆఫీసులో దాన్ని విండ్ రోజ్ అనేవారు. నేను గీసినవాటిలో సిరా మరక ఒక్కటి ఉండేది కాదు.

ఆ గర్వంతోనే ఒక పటం చుట్టి, కోటబొమ్మాళి పక్కన అక్కావాళ్ళ ఊరికి పట్టుకెళ్ళాను. బావ ఆ ఏడు చెరుకు వేశాడు, సొంతంగా బెల్లం వండాలనుకుంటున్నాడు. పొయ్యి ఎక్కడ తవ్వాలో తేలలేదు. వాళ్ళ వీధంతా ఒకదాన్నొకటి ఆనుకున్న తాటాకు ఇళ్ళు. ఒక కప్పు అంటుకుంటే వరసంతా పోతుంది.

అరుగు మీద పటం పరిచాను. బావ తండ్రి వంగి చూశాడు. ఆయన్ని నేను మావా అనేవాణ్ణి.

"గాలికి పువ్వేటల్లుడా? తుమ్మెదలొచ్చి వాల్తాయేటి?"

"నైరుతి రేక చూడు మావా, అన్నిటికంటే పొడుగు. గాలి అటు నుంచే ఎక్కువ. పొయ్యి ఊరికి ఈశాన్యంలో పెడితే రవ్వలు పొలాల్లోకి పోతాయి."

మావ మనసు ఊరికి దక్షిణాన ఉన్న దిబ్బ మీద ఉంది. ఎందుకని అడిగితే, "అక్కడే బాగుంటాదనిపిస్తన్నాదిరా" అన్నాడు తప్ప కారణం చెప్పలేకపోయాడు. నేను పెద్దగా నవ్వాను.

"సదువుకున్నోడు సెప్తన్నాడు గదా నాన్నా," అని బావ నా వైపు మొగ్గాడు. గుమ్మంలో చాట పట్టుకున్న అక్క ముఖం వెలిగిపోయింది. పొయ్యి ఈశాన్యంలోనే తవ్వారు.

పుష్యమాసంలో ఒక పొద్దున బాణం కింద నిలబడి 'ఈశాన్యం' అని రాస్తుంటే, నిన్నా మొన్నా కూడా అదే రాసినట్టు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. వెనకటి ఏళ్ళ లెక్కలు తీసి ఆ ఒక్క నెలకే పువ్వు గీశాను. పొడుగు రేక ఈశాన్యంలో లేచింది. ఏడాది పటంలో వానాకాలపు గాలి మిగతా నెలలన్నిటినీ కమ్మేసింది. బెల్లం వండేది వానాకాలంలో కాదు, ఈ చలికాలంలోనే; ఇప్పటి గాలికి రవ్వలు ఊరి మీదకే వస్తాయి.

ఆ రోజే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. ఆ నెల పటంలో మధ్య వృత్తం చాలా పెద్దది. గాలే లేనప్పుడు రవ్వ ఎక్కడికి పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నేను చూసేది పొద్దునా సాయంత్రమే అనీ, పొయ్యి బాగా రాజుకునే పట్టపగలు గాలి లేస్తుందనీ నాకు తెలుసు. మావ ముందు తలొంచలేక పటాన్ని నాకు కావలసినట్టు చదువుకున్నాను.

ఆ తర్వాత ఒకనాడు క్షేత్రంలో ఎండాకులు కాలుస్తుంటే, మండుతున్న ముక్క ఒకటి ఎగిరొచ్చి నా చొక్కాకి చిల్లు పెట్టింది. సెలవు పెట్టి ప్యాసింజరు బండి ఎక్కాను.

వెళ్ళేసరికి అక్క నిచ్చెన మీద నిలబడి కప్పు మీద బిందెతో నీళ్ళు కుమ్మరిస్తోంది. పక్కిళ్ళ కప్పులు అప్పటికే తడిసి ఉన్నాయి.

"ఏమిటక్కా ఇది?"

"పిప్పి మండి మిణుగుర్లొస్తన్నాయిరా. మొన్నొకసారి ఆకు పొగిసింది కూడాను. పొయ్యి యెలిగించిన కాడ్నుంచీ ఇదే పని."

"బావకి చెప్పలేదా?"

"ఆకు ఎండి సిట్లుతన్నాదని సెప్పాను. నిజం సెప్తే మావ ఊరుకుంటాడేటి? ఊరంతా టముకేసెయ్యడూ? నీ మాట పడిపోతే నాకు బాగుంటాదేటిరా?"

బిందె మోసి మోసి ఆమె నడుం దగ్గర చీర నలిగి నానిపోయి ఉంది. నేను నేరుగా పొయ్యి దగ్గరకు నడిచాను. తండ్రీ కొడుకులు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"మావా, నేను చెప్పింది తప్పు. పొయ్యి ఆర్పించాలి."

"ఏటల్లుడా, పువ్వు వాడిపోనాదా?" అని మావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పెనంలో పాకం ఉన్నాదిరా," అన్నాడు బావ చిరాగ్గా. "ఇప్పుడేటి ఆర్పేది?"

"ఈ పెనం దించాక ఆర్పు. దక్షిణం దిబ్బ మీద తవ్వుదాం. నేనూ తవ్వుతాను."

"పలుగు ఏ కొసని పట్టుకుంటారో ఎరుగుదువేటి?" అన్నాడు మావ, నవ్వు ఆపకుండానే.

అప్పుడు అక్క నీళ్ళ సంగతి చెప్పాను. ఎందుకు దాచిందో కూడా చెప్పాను. మావ నవ్వు ఆగిపోయింది. తడిసిన కప్పుల వైపు చూసి, పలుగు అందుకుని దిబ్బ వైపు నడిచాడు.

కొత్త పొయ్యి తవ్వేలోగా నరికిన చెరుకు కొంత పులిసి పాడైంది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత నేను ఏ పటం గీసినా నెలకో పువ్వు గీశాను. దాని కింద ఏ పూట చూసిన గాలో రాశాను. ఒకటి చాలని ఆఫీసులో పైవాళ్ళు విసుక్కున్నా మానలేదు.

కొత్త పొయ్యి వెలిగించిన పొద్దున అక్క మళ్ళీ బిందె ఎత్తుకుంది.

"ఇంకెందుకక్కా? గాలి ఊరి మీద నుంచి దిబ్బకి పోతుంది. రవ్వ ఇటు రాదు."

"అప్పుడూ ఇలాగే సెప్పావురా," అని నిచ్చెన ఎక్కింది.

నేను రెండో బిందె అందుకున్నాను.