గుంజి చూసే చేతులు

మాకు కుట్టు నేర్పిన టీచరమ్మ పోయిందని పోయిన వారం ఆమె కూతురు ఫోన్ చేసింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా తోరణం చూడకుండా ఎలా పోతుంది?

బోధన్‌లో, చెరుకు లారీలు తిరిగే రోడ్డు మీద, ఆమె ముందుగదిలో నాలుగు మిషన్లు. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో చిలకలు కుట్టి, లోపల పేలికలు కూరి, తోరణాలు చేయాలని నాకు పిచ్చి. ఎవరూ నేర్పలేదు, నేనే తిప్పలు పడ్డాను. పట్టు ముక్క పోగులు ఊడిపోయేది, నైలాన్ జారిపోయేది. మొదటి చిలక అచ్చం కాకిలా వచ్చింది.

మెచ్చుకోవడం టీచరమ్మ ఒంట్లో లేదు. ఏది చూపించినా రెండు చేతులతో పట్టి ఫట్టున గుంజేది. "నా చేతుల ఊడితే నయం. గిరాకోళ్ల ఇంట్ల ఊడితే ఇజ్జత్ పోతది," అనేది. ఆ చేతులంటే నాకు ఒళ్లు మంట.

మా రెండు గదుల ఇంటి గృహప్రవేశానికి పదకొండు చిలకల తోరణం కట్టాను. ఆమె వచ్చి, చెప్పులైనా విడవకముందే చెయ్యెత్తి గుంజింది. మా అత్తగారి చుట్టాలందరి ముందు నాలుగు చిలకలు రాలాయి.

"ఇయ్యాలన్న ఊకోరాదా టీచరమ్మా?" అన్నాను.

"ఉత్త గుడ్డల నుంచి దారం తీస్తె ఆగుతదా? ఈపుకు పట్టీ ఎయ్యాలె," అంది. తర్వాత పాయసం రెండుసార్లు వేయించుకుని తిని పోయింది.

మూడేళ్లు ఆ గడప తొక్కలేదు. బజార్లో కనిపిస్తే మొహం తిప్పుకున్నాను. కానీ ఆ మూడేళ్లూ ఆమె చేతుల కోసమే కుట్టాను. ప్రతి చిలక వీపుకూ పట్టీ వేసి, దాని మీద మూడు వరసల కుట్టు. ఆ పట్టీ ఆమె చెప్పిందే, కాదనను. దసరాకు పిలిచి, గుమ్మం ముందు నిలబెట్టి, "ఇప్పుడు గుంజు, సూద్దం" అనాలని నా పంతం.

పండక్కి పది రోజుల ముందే పోయింది.

తోరణం సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. కూతురు చూసి నివ్వెరపోయింది. "అక్కా, సావు ఇంటికి తోరణం తెస్తరా?"

తేరని నాకు తెలియదా? తెలిసే తెచ్చాను. ఎవరికి చూపించాలని తెచ్చానో ఆ మనిషి చేతులు అప్పటికే కట్టేసి ఉన్నాయి.

ఇప్పుడది మా గుమ్మానికే వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా బాగుందంటున్నారు. ఒక్కరూ గుంజి చూడటం లేదు.